సరంగులు, సుక్కానీలు ఎక్కడ దొరుకుతారు: వార్ గ్రేవ్స్ కమిషన్ ఉచిత అన్వేషణ సేవ ఎలా ఉంది?

గోదావరి మీద లాంచీ నడిపేవాణ్ణి ఇప్పటికీ సరంగు అనే అంటారు. శ్రీకాకుళం తీరంలో పడవ పెద్ద తండేలు. పడవ వెనక తిప్పేది చుక్కాని. ఈ మూడు మాటలూ చిన్న చిన్న మార్పులతో కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన కామన్వెల్త్ దేశాలవాళ్ళ సమాధులు, పేర్లు చూసుకునే సంస్థ) వారి వెబ్‌సైట్లో చనిపోయినవాళ్ళ హోదాలుగా కనిపిస్తాయి: సెరాంగ్, టిండాల్, సీకన్నీ. మొదటి ప్రపంచ యుద్ధంలో టైగ్రిస్ నది మీద సైన్యానికి తిండి, మందుగుండు చేరవేసి, గాయపడ్డవాళ్ళను వెనక్కి తెచ్చిన పడవ సిబ్బంది వీళ్ళు. తుపాకీ పట్టలేదు కాబట్టి రెజిమెంట్ల చరిత్రల్లో ఉండరు, సముద్రం మీద పోరాడలేదు కాబట్టి నౌకాదళం కథల్లోనూ ఉండరు. వాళ్ళ పేర్లు వెతకడానికి ఇవాళ ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా వాడుకోగలిగిన పెద్ద సాధనం ఈ కమిషన్ అన్వేషణ సేవే. అది పడవ సిబ్బంది విషయంలో ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, ఎలా వాడాలి అన్నదే ఈ సమీక్ష.

మా తీర్పు ముందే చెప్తాం. సిపాయిని వెతకడానికి అయిదుకు నాలుగున్నర. పడవవాణ్ణి వెతకడానికి మూడు. ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్పాలంటే ముందు పడవల సంగతి తెలియాలి.

1914 నవంబరు 6న భారత సైన్యం పర్షియన్ గల్ఫ్ కొసన ఫావ్ దగ్గర దిగింది, ఆ నెలలోనే బస్రా చేజిక్కింది. అక్కణ్ణుంచి బాగ్దాద్‌కు నది వెంట సుమారు 500 మైళ్ళు. రైలు లేదు, రోడ్డనదగ్గ రోడ్డు లేదు. బస్రా రేవులో ఓడ వచ్చి ఆనడానికి గట్టు కూడా లేదు. సముద్రం మీద వచ్చిన ఓడలు నది మధ్యలో లంగరేసుకుంటే, సరుకంతా మహేలా అనే అరబ్బు తెరచాప పడవల్లోకి దించి ఒడ్డుకు చేర్చాల్సి వచ్చేది. దండు పైకి నడిచినకొద్దీ దాని గొంతు ఈ నదే అయింది. నాలుగైదు అడుగుల నీళ్ళలో తేలగలిగే స్టీమర్లు కావాలి. సరిపడా లేవు. ఇండియా నదుల నుంచి, బర్మా నుంచి తెప్పించిన చదును అడుగు పడవలు రుతుపవనాల్లో సముద్రం దాటలేక కొన్ని దారిలోనే మునిగిపోయాయి. నదిలో నడవడానికి చేసినదాన్ని సముద్రం మీదికి తోలితే అయ్యేది అదే.

నది స్వభావం మన గోదావరి ఎరిగినవాళ్ళకు చెప్పనక్కరలేదు, కాకపోతే కాలాలు తలకిందులు. కొండల్లో మంచు కరిగి మార్చి నుంచి మే దాకా వరద. ఆగస్టు దాటాక నీళ్ళు అడుగంటి ఇసుక మేటలు బయటపడతాయి. స్టీమరుకు చెరో పక్క ఒక్కో బార్జీ కట్టేవాళ్ళు. వెనకాల తాడు కట్టి లాగితే మలుపుల్లో బార్జీ ఎటో కొట్టుకుపోతుంది. పక్కన బిగించి కడితే మూడూ ఒకే పడవలా తిరుగుతాయి, గట్టుకు గుద్దుకున్నా దెబ్బ ముందు బార్జీకే తగులుతుంది. ఎజ్రా సమాధి దాటాక కలాత్ సాలిహ్ వైపు నది ఎంత ఇరుకంటే, మలుపు తిరగడానికి స్టీమరును కావాలనే గట్టుకు ఆనించి, ప్రవాహం తోక తిప్పేదాకా ఆగాల్సి వచ్చేది. ముందు నిలబడి గడకర్ర ముంచి లోతు అరిచేవాడు ఒకడు, చుక్కాని చక్రం దగ్గర ఒకడు, ఇద్దరినీ చూస్తూ సరంగు, కింద నిప్పుల దగ్గర ఫైర్‌మన్లు, నూనె పెట్టే గ్రీజరు, సామాన్ల కస్సబ్, వంట చేసే భండారీ. ఒక స్టీమరు కథ అంటే వీళ్ళందరి కథ. కాగితాల మీద మాత్రం ఒక్కొక్కడిది ఒక్కో దారి.

అసలు చిక్కు ఇక్కడే. మెసపటోమియా (ఇప్పటి ఇరాక్) నదిలో రవాణాను మొదట నడిపింది బ్రిటిష్ ఇండియా నౌకాదళమైన రాయల్ ఇండియన్ మెరైన్. 1916 సెప్టెంబరు ఆఖర్లో ఆ పనిని రాయల్ ఇంజనీర్స్ కింద ఉన్న ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ విభాగం తీసుకుంది. పడవ అదే కావచ్చు, సరంగు అతనే కావచ్చు, జమ ఖర్చు పుస్తకం మారింది. కాబట్టి 1916 వేసవిలో పోయిన మనిషి నౌకాదళం కింద, 1917లో పోయిన మనిషి సైన్యం కింద దొరుకుతారు. ఇక మూడో పుస్తకం వాణిజ్య నౌకలది. సైన్యం బాడుగకు తీసుకున్న ఓడ మీద కంపెనీ జీతగాడిగా ఉన్నవాడు అందులోకి వెళ్తాడు. ఇది చిన్న తేడా కాదు. సైన్యంలో చేరినవాడు కొలువులో ఉండగా కలరాతో పోయినా, వడదెబ్బతో పోయినా కమిషన్ లెక్కలోకి వస్తాడు. వాణిజ్య నౌక మనిషి అయితే యుద్ధ చర్య వల్ల పోయినట్టు ఉండాలి. జ్వరాల నేలలో ఈ ఒక్క నిబంధన ఎంతమందిని బయట పెట్టగలదో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు వాడకం. వెబ్‌సైట్లో యుద్ధ మృతులను వెతికే పేజీ తెరిస్తే మొదట కనిపించేది ఇంటిపేరు గడి. దాన్ని ఖాళీగా వదిలెయ్యండి. ఆ సేవను కట్టింది స్మిత్, జోన్స్ లాంటి పేర్ల అలవాటుతో. మనవాళ్ళలో ఒకే పేరున్నవాడి పేరు తీసుకెళ్ళి ఇంటిపేరు గడిలో పెట్టారు, రెండు మాటల పేరుంటే చాలాసార్లు రెంటినీ కలిపి అక్కడే పెట్టారు. ఇంట్లో వాడే ఇంటిపేరు రికార్డులో అసలు లేకపోవచ్చు. కాబట్టి ఇంటిపేరు కొట్టి ఏమీ రాలేదని వదిలేసేవాళ్ళు మొదటి మెట్టు మీదే ఆగిపోతున్నారు.

మరిన్ని గడులు తెరవండి. యుద్ధం: మొదటిది. ఎవరి దళాలు: భారతీయ. ఏ విభాగం: మొదటిసారి సైన్యం, రెండోసారి నౌకాదళం, మూడోసారి వాణిజ్య నౌకలు. మూడుసార్లూ విడివిడిగా చెయ్యాల్సిందే. స్మారకం గడిలో బస్రా మెమోరియల్ (ఆ రంగంలో పోయి, సమాధి తెలియనివాళ్ళ స్మారకం) ఎంచుకోండి. తేదీల దగ్గర మొత్తం యుద్ధం పెట్టకుండా ఒక్కో నెల చొప్పున వెతకండి. బస్రా స్మారకం మీద లెక్కకు 40,500 మందికి పైనే ఉన్నారు, ఒక్కసారిగా కుమ్మరిస్తే చూసేది కాదు. వచ్చిన ఫలితాలను పట్టికగా దింపుకునే సౌకర్యం ఉంది. ఈ సేవలో మాకు అన్నిటికంటే నచ్చింది అదే. దింపుకున్నాక హోదా నిలువు వరసను అక్షర క్రమంలో పేర్చండి. సిపాయిలు, నాయక్‌లు, హవల్దార్లు గుంపులు గుంపులుగా పక్కకు పోతారు, మిగిలిన వింత మాటల్లో పడవలవాళ్ళు బయటపడతారు.

ఆ వింత మాటల జాబితా ముందే రాసి పెట్టుకోవాలి. సెరాంగ్, టిండాల్, లాస్కర్, ఖలాసీ, ఫైర్‌మన్, గ్రీజర్, కస్సబ్, భండారీ, టోపాస్. మన చుక్కాని బంధువు సుక్కానీని తెల్లవాళ్ళు సముద్రం మాట అనుకుని ఎస్-ఈ-ఏ-సి-యు-ఎన్-ఎన్-వై అని రాసేశారు. విన్నది విన్నట్టు సుక్కానీ, సుఖానీ అని రాసే గుమాస్తా కూడా ఉంటాడు కదా, కాబట్టి అన్నీ కొట్టి చూడాలి. డ్రైవర్ అనే హోదా దగ్గర మరీ జాగ్రత్త. ఫిరంగుల గుర్రాలు తోలేవాడూ డ్రైవరే, కంచరగాడిదల దళంలోవాడూ డ్రైవరే, లాంచీ ఇంజను నడిపేవాడూ డ్రైవరే. పక్కనున్న దళం పేరు చూడకుండా డ్రైవర్లను లెక్కలోకి తీసుకుంటే పట్టికంతా పాడవుతుంది.

దళం పేరు గడి ఇంకో తలనొప్పి. ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ అన్నదాన్ని రెజిమెంటుగా ఒకసారి, యూనిట్ లేదా ఓడ పేరు గడిలో ఒకసారి, ఐ.డబ్ల్యు.టి. అనే పొడి అక్షరాలతో ఒకసారి, రాయల్ ఇంజనీర్స్ కింద ఇంకోసారి వెతకాలి. బ్రిటిష్ సిబ్బంది అయితే ఒక కిటుకుంది: వాళ్ళలో చాలామంది సర్వీసు నంబరు ముందు డబ్ల్యు.ఆర్. అనే అక్షరాలుంటాయి. రాయల్ ఇంజనీర్స్‌లో జలమార్గాలు, రైళ్ళ శాఖకు ఇచ్చిన గుర్తు అది. కెంట్ తీరంలోని రిచ్‌బరో వీళ్ళ స్థావరం. భారతీయులకు ఆ గుర్తు అక్కరకు రాదు. నైజీరియా నుంచి కూడా పడవ మనుషులను ఇదే విభాగంలోకి తీసుకుని టైగ్రిస్ మీదికి పంపారు, కాబట్టి ఎవరి దళాలు అన్న గడిలో భారతీయ అని పెట్టి వెతికితే మొత్తం సిబ్బంది కనబడినట్టు కాదు.

తెలుగు జిల్లాల వాళ్ళ కోసం వెతికేవారికి రెండు సంగతులు. మద్రాస్ శాపర్స్ (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) అని కొడితే మొదటి యుద్ధం రికార్డుల్లో వాళ్ళు రారు. ఆ రోజుల్లో ఆ దళం అధికార నామం సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ శాపర్స్ అండ్ మైనర్స్. అందులో మద్రాస్ అన్న మాటే లేదు. వీళ్ళు పడవల దళం కాదు గాని, పడవల వంతెనలు కట్టడం, నది దాటించడం శాపర్ల పనే. 1917 ఫిబ్రవరి 23న షుమ్రాన్ మలుపు దగ్గర టైగ్రిస్ దాటినప్పుడు అవతలి గట్టు నుంచి గుళ్ళు కురుస్తుంటే తెడ్లు వేసినవాళ్ళందరినీ కాగితాలు సిపాయిలుగానే గుర్తుపెట్టుకున్నాయి. అంతకు ముందే, 1915 మే 31న ఖుర్నా దగ్గర వరద నీళ్ళలో, పదాతి దళాన్ని బెల్లం అనే సన్నటి పడవల్లోకి ఎక్కించి, వాళ్ళ చేతే గడకర్రలు వేయించి దాడి చేయించారు. దాన్ని సరదాగా, దాడి నడిపిన జనరల్ పేరు మీద, టౌన్‌షెండ్ పడవ పందెం అన్నారు. (పేరు చూసి నవ్వొద్దు, మన బెల్లానికీ దీనికీ చుట్టరికం లేదు.) అంటే పడవ నడిపినవాళ్ళు పడవ హోదాల్లోనే ఉంటారనుకోవడం కూడా పొరపాటే.

రెండో సంగతి పేర్ల రాత. అప్పలస్వామి, వెంకటస్వామి లాంటి పేర్ల చివర స్వామిని పాత మద్రాసు గుమాస్తాలు ఎస్-ఏ-డబ్ల్యు-ఎం-వై అని రాసేవారు. ఇంకొకరు ఎస్-ఏ-ఎం-వై అంటారు, మరొకరు ఎస్-డబ్ల్యు-ఏ-ఎం-ఐ. నరసింహులు చివర ఎల్ పక్కన రెండు ఓలు రావచ్చు. గవర, అప్పడు, పైడి లాంటి పేర్లకు ఇంగ్లీషులో ఒక స్థిరమైన రూపం లేదు కాబట్టి, వాటిని పేరుగా వెతకడం కన్నా నెలవారీ పట్టిక దింపుకుని కంటితో చదువుకోవడమే త్వరగా తెములుతుంది. వంద వరసలు చదవడానికి పది నిమిషాలు పట్టదు. వెతకాల్సింది ఇంగ్లీషు అక్షరాల్లోనే అని వేరే చెప్పక్కరలేదు.

ఒక మనిషి పేజీ తెరిస్తే ఏముంటుంది? పేరు, హోదా, సర్వీసు నంబరు, దళం, చనిపోయిన తేదీ, స్మారకం పేరు, పలక నంబరు. అదృష్టముంటే తండ్రి పేరు, ఊరు. ధ్రువపత్రం దింపుకోవచ్చు, కొన్నిటికి పాత రిజిస్టరు పేజీల స్కానులు జత చేసి ఉంటాయి. ఆ స్కాను తప్పక తెరవండి. టైపు చేసి ఎక్కించేటప్పుడు దొర్లే తప్పులు అసలు పేజీ చూస్తే పట్టుబడతాయి, పైగా అదే పేజీలో వరసగా ఉన్న మరికొన్ని పేర్లు ఉచితంగా దొరుకుతాయి. ఎలా పోయాడు, ఏ స్టీమరు మీద ఉన్నాడు అన్నవి మాత్రం అడక్కండి. ఒకే తేదీన, ఒకే దళంలో నలుగురైదుగురు పోయి ఉంటే ప్రమాదమో, బాంబో అయి ఉండొచ్చని ఊహించడం తేలిక. ఆ నదిలో ఒకే రోజు నలుగురు పోవడానికి కలరా చాలు. మెసపటోమియా దళాధిపతి జనరల్ మాడ్ అంతటివాడు 1917 నవంబరు 18న బాగ్దాద్‌లో కలరాతోనే పోయాడు. ఆ దళం యుద్ధ డైరీ కాగితం చేతిలో లేకుండా కారణం రాసుకోవద్దు.

ఈ సేవ ఎవరి కోసం బాగా పనిచేస్తుందో చూడాలంటే జుల్నార్ అనే స్టీమరు పేరుతో ఒక పరీక్ష చెయ్యండి. 1916 ఏప్రిల్ 24 రాత్రి, టైగ్రిస్ ఒడ్డున కూత్ ఊళ్ళో తుర్కుల ముట్టడిలో ఆకలితో ఉన్న దండుకు 270 టన్నుల తిండి సామాను తీసుకుని ఆ స్టీమరు ఒంటరిగా ఎదురు ప్రవాహంలో వెళ్ళింది. మగాసిస్ దగ్గర నదికి అడ్డంగా కట్టిన ఇనుప తాడుకు చిక్కుకుని పట్టుబడింది. అయిదు రోజులకు, ఏప్రిల్ 29న, కూత్ లొంగిపోయింది. స్టీమరు అధికారులు ఫర్మన్, కౌలీ ఇద్దరికీ విక్టోరియా క్రాస్ వచ్చింది. ఇద్దరూ బస్రా స్మారకం మీదే ఉన్నారు. ఇంటిపేరు కొట్టండి, ఒక్క క్షణంలో పేజీ వస్తుంది, పతకం వివరాలతో సహా. వాళ్ళ ధైర్యానికి వంక పెట్టే పని లేదు. అదే నదిలో అదే ఏడాది అలాంటి స్టీమర్లే రోజూ నడిపిన ఖలాసీని పట్టుకోవడానికి పైన చెప్పిన తతంగమంతా కావాలి. మేం కోసిన ఒకటిన్నర మార్కు ఆ తేడాకే.

అయితే తప్పంతా వెబ్‌సైట్‌ది కాదు, రాయి దగ్గరే మొదలైంది. బస్రా స్మారకాన్ని ఎడ్వర్డ్ వారెన్ రూపొందించాడు, 1929 మార్చి 27న ఆవిష్కరించారు. ఇండియా నుంచి తెచ్చిన తెల్లరాతి స్తంభాల వరస 80 మీటర్లు, మధ్యలో 16 మీటర్ల ఎత్తు స్తూపం. స్తంభాల వెనక గోడకు బిగించిన పలకల మీద బ్రిటిష్ సిపాయి పేరు ఉంటుంది. భారతీయుల్లో అధికారుల పేర్లు చెక్కారు. మిగిలిన సిపాయిలను, అనుచరులను దళం పేరు కింద ఒక అంకెగా వేసి ఊరుకున్నారు. పేర్లు కాగితం రిజిస్టర్లలో ఉండిపోయాయి. ఇవాళ తెర మీద ఒక ఖలాసీ పేరు పక్కన పలక నంబరు కనిపిస్తే, ఆ పలక మీద అతని పేరు చెక్కి ఉందని అనుకోవద్దు. అక్కడ ఉన్నది అంకె.

ఆ రాయిని వెళ్ళి చూడటం కూడా అంత తేలిక కాదు. 1997 దాకా అది బస్రాకు 8 కిలోమీటర్ల ఎగువన, షత్ అల్ అరబ్ ఒడ్డున మాకిల్ నౌకా స్థావరంలో ఉండేది. ఇరాక్ అధ్యక్షుడి ఆదేశంతో మొత్తం ఊడదీసి నాసిరియా రోడ్డులో 32 కిలోమీటర్ల దూరాన తిరిగి నిలబెట్టారు. పాత పుస్తకాల్లో, పాత పటాల్లో ఉన్న చోటు పట్టుకుని బయల్దేరితే ఖాళీ గట్టు చూసి రావాల్సిందే. వెళ్ళలేనివాళ్ళ కోసం ఇరాక్‌లో ఉన్న మృతులందరి పేర్లతో రెండు సంపుటాల రిజిస్టరు తయారు చేసి ఇంగ్లండులో మెయిడెన్‌హెడ్‌లోని కమిషన్ కార్యాలయంలో ఉంచారు.

నది వెంట పైకి పోతే అమారా. అక్కడ ఎడమ గట్టున భారతీయ శ్మశానంలో సుమారు 5,000 మంది ఉన్నారు. వాళ్ళలో పేరు తెలిసినవాళ్ళు 9 మంది. పూడ్చిన రోజు సరైన లెక్క రాసుకోకపోవడమే కారణం. అదే ఊళ్ళోని బ్రిటిష్ శ్మశానంలో నేలలోని ఉప్పుకు సమాధి రాళ్ళు పాడవుతున్నాయని 1933లో రాళ్ళు తీసేసి, పేర్లన్నీ ఒక గోడ మీదికి ఎక్కించారు. ఉప్పు తిన్నది రాయినే, పేర్లు నిలిచాయి. దహనం చేసిన హిందువులకు సమాధి ఉండదు కాబట్టి వాళ్ళను శ్మశానాల జాబితాలో వెతకడం దండగ. స్మారకాల జాబితాలోనే చూడాలి. చెన్నై నందంబాక్కంలో ఉన్న మద్రాస్ 1914-1918 స్మారకం దగ్గర కూడా ఇలాంటి పొరపాటే జరుగుతుంటుంది. మద్రాస్ అన్న పేరు చూసి, మన జిల్లాల నుంచి బస్రా పోయినవాళ్ళు అందులో ఉంటారనుకుంటారు. అది ఇండియాలోనే చనిపోయి, సమాధులు చూసుకోవడానికి వీల్లేని చోట్ల ఉన్నవాళ్ళ కోసం కట్టినది.

2021 ఏప్రిల్ 22న కమిషన్ తనే వేసిన ప్రత్యేక సంఘం నివేదిక బయటపెట్టి క్షమాపణ చెప్పింది. 45,000 నుంచి 54,000 మందిని తక్కువ చేసి గుర్తుపెట్టుకున్నారని, కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గుర్తించలేదని లేదా అసలే గుర్తించలేదని అందులో ఒప్పుకున్నారు. ఎక్కువమంది ఇండియా, ఈజిప్టు, ఆఫ్రికా వాళ్ళే. తన పుస్తకాల్లో తప్పు తనే లెక్కగట్టి అచ్చేసుకున్న సంస్థలు అరుదు కాబట్టి, ఆ ఒప్పుకోలుకు మేం ఒక అర మార్కు పైన వేసే ఇచ్చాం. లేకపోతే పడవలవాళ్ళ ఖాతాలో రెండున్నరే.

రెండో ప్రపంచ యుద్ధానికి వస్తే పని సగం తేలిక, సగం కష్టం. కష్టం ఏమిటంటే నది రవాణా కంపెనీల మనుషులు ఇండియన్ ఇంజనీర్స్ అనే మహా సముద్రంలో కలిసిపోయారు. మద్రాస్ శాపర్లూ అందులోనే. తేలిక ఏమిటంటే ఈ యుద్ధం రికార్డుల్లో అదనపు సమాచారం గడిలో తండ్రి పేరు, ఊరు, జిల్లా చాలామందికి ఉన్నాయి, దాన్ని నేరుగా వెతకొచ్చు. జిల్లాల పేర్లు మాత్రం ఆనాటి రాతలో కొట్టాలి: వైజాగపటం, కిస్నా, కోకనాడ, బెజవాడ, మసూలిపటం, కడపకు సి-యు-డి-డి-ఏ-పి-ఏ-హెచ్. గుంటూరు, నెల్లూరు పెద్దగా ఇబ్బంది పెట్టవు. తెలంగాణ జిల్లాలకు హైదరాబాద్ అని వెతికితే సింధులోని హైదరాబాద్ మనుషులూ కలిసి వస్తారు, తండ్రి పేరు చూసి వేరు చేసుకోవాలి. ఊరి పేరుతో దొరికిన ఒక్క వరస, ఇంటిపేరుతో చేసే వంద ప్రయత్నాల పెట్టు.

బర్మాలో సమాధి లేనివాళ్ళు యాంగోన్ దగ్గర తౌక్‌యాన్‌లోని రంగూన్ స్మారకం మీద ఉన్నారు, సుమారు 27,000 పేర్లు. దహనమైనవాళ్ళకు అక్కడే వేరే స్మారకం ఉంది, వెయ్యి పైచిలుకు, దాన్ని విడిగా ఎంచుకుని వెతకాలి. ఇంకో 25,000 మంది ఢిల్లీ, కరాచీ జంట స్మారకం కింద ఉన్నారు. ఒకే జాబితా రెండు దేశాల్లో ఉంది కాబట్టి కరాచీ అని చూసి కంగారు పడక్కరలేదు.

బర్మాలో జపాన్‌తో పోరాడిన పద్నాలుగో సైన్యానికి నది పని ఎంత పెద్దదో తెలియాలంటే చింద్విన్ ఒడ్డున కలేవా చూడాలి. 1944 డిసెంబరు 10న అక్కడ 1,154 అడుగుల తేలే బెయిలీ వంతెన (ముక్కలుగా తెచ్చి బిగించే ఇనుప వంతెన) తెరిచారు, అప్పటికి ప్రపంచంలో అదే పొడవైనది. అదే గట్టు మీద అడవి టేకు కోసి వందల కొద్దీ బార్జీలు చేయించారు. పామెలా, ఊనా అనే రెండు చిన్న గన్‌బోట్లు కూడా అక్కడే తయారయ్యాయి, ఒకటి మౌంట్‌బాటెన్ కూతురి పేరు, ఒకటి ఆ సైన్యాధిపతి స్లిమ్ కూతురి పేరు. పడవకు పేరు పెట్టిన సంగతి దొరుకుతుంది, నడిపినవాళ్ళ పేర్లకు మళ్ళీ పట్టికే గతి. 1945 ఫిబ్రవరి 14న న్యాంగూ దగ్గర ఇరావతి దాటేటప్పుడు పడవలు కారాయి, వెనక తగిలించిన మోటార్లు మొరాయించాయి. లారీల మీద వందల మైళ్ళు గతుకుల్లో మోసుకొచ్చిన పడవలు ఊగి ఊగి అతుకులు వదలడంలో వింతేముంది. అలాంటి రోజు చనిపోయినవాళ్ళ కోసం తేదీ, ఇండియన్ ఇంజనీర్స్, రంగూన్ స్మారకం మూడూ కలిపి వెతికితే కంటితో చదువుకోగలిగినంత చిన్న జాబితా మిగులుతుంది.

ఈ సేవకు తోడుగా ఏం వాడాలి? లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యు.ఓ. 95 వరసలో మెసపటోమియా దళాల యుద్ధ డైరీలు ఉన్నాయి. ఏ రోజు ఏ స్టీమరుకు ఏమైంది అన్నది దొరికితే అక్కడే దొరకాలి. పంజాబ్ వాళ్ళ అదృష్టం వేరు. లాహోర్ మ్యూజియంలో ఉన్న ఊరివారీ రిజిస్టర్ల నుంచి 3,20,000 మంది వివరాలను 2021లో అందరికీ తెరిచే పని మొదలైంది. ఊరి పేరు కొడితే ఎవరెవరు వెళ్ళారో వస్తుంది. వాణిజ్య నౌకల వాళ్ళ కోసం ముంబైలో ఇండియన్ సెయిలర్స్ హోమ్‌లో 2,000 మందికి పైగా పేర్లున్న బొంబాయి 1914-1918 స్మారకం ఉంది, అది కమిషన్ జాబితాలోనే వెతకొచ్చు. కోల్‌కతాలో ప్రిన్సెప్ ఘాట్ దగ్గర 1924లో ఆవిష్కరించిన లాస్కర్ స్మారకం 896 మంది బెంగాల్, అస్సాం నావికులది. అందంగా ఉంటుంది. మన పనికి రాదు.

కమిషన్‌కు సవరణ అడగాలనుకుంటే ఫారం వెబ్‌సైట్లోనే ఉంది. ప్రతి మనిషి పేజీకీ ఒక ప్రత్యేక సంఖ్య ఉంటుంది, అది రాయకుండా పేరు మాత్రమే రాస్తే అదే పేరున్న పదిమందిలో ఎవరో వాళ్ళు తేల్చుకోలేరు. జత చెయ్యాల్సింది ఆ రోజుల నాటి అధికారిక కాగితం: పెన్షను పత్రం, డిశ్చార్జి పుస్తకం, పతకం అంచు మీద చెక్కిన నంబరు, పేరు కనబడేలా ఫొటో. పతకం ముఖం ఫొటో తీసి పంపేవాళ్ళే ఎక్కువ, అది అందరి పతకానికీ ఒకటే, ఆధారం ఉన్నది అంచు మీద. ఊరి మధ్యలో పాతిన పాలరాతి పలక ఫొటో ఒక్కటే పంపినా చాలదు. ఈ ఊరి నుంచి ఇంతమంది మహా యుద్ధానికి వెళ్ళారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు అని దాని మీద ఉంటుంది. అక్కడా పేరు లేదు, అంకే.